కొంగుముడిలో గులాబీ బిళ్ళలు

డాబా మీద మిర్చి ఆరబోసిన రోజుల్లో మా ఇంట్లో టీ కూడా ఘాటుగానే ఉంటుంది. ఆ ఉదయం తుమ్ముతూ మా అమ్మకు అదే ఫిర్యాదు చేస్తున్నాను.

"మిర్చి పైసలకు తుమ్ము రాదేంది రా నీకు?" అంది చేనుకు బయలుదేరుతూ.

రెండున్నరేళ్ళ మా పాప ఆద్య అప్పటికే గడప మీద కూర్చుని నిద్రపోతోంది. తను పగలు నిద్రపోవడమంటే మాకు పండగే కాబట్టి ఎవరం లేపలేదు.

కాసేపటికి నా భార్య సుజాత ముట్టుకుని చూసింది. ఒళ్ళంతా చల్లటి చెమట. లేపితే కళ్ళు పైకి తేలాయి, ఎడమ చెయ్యి కొట్టుకోసాగింది. చేనుకు పోవడం మాని అమ్మ కూడా ఆటో ఎక్కింది. బూర్గంపాడు నుంచి భద్రాచలం చేరేదాకా ఫిట్స్ ఆగలేదు. దారిలో నాకు జోకులేమీ తట్టలేదు.

డాక్టరమ్మ వేలు గుచ్చి చూసింది. షుగర్ ముప్పై కూడా లేదు. గ్లూకోజ్ ఎక్కించమని చెప్పి మావైపు తిరిగింది. "ఇంట్లో షుగర్ మాత్రలు ఎవరు వేసుకుంటారు?"

అమ్మ కొంగు చూసుకుంది. చేను దగ్గర సద్దితో పాటు వేసుకోవడానికి మాత్రలు ముందే ఒలిచి కొంగున ముడి వేసుకుంటుంది. మనవరాలి కోసం పుట్నాలు, బెల్లం కట్టేదీ ఆ కొంగుకే. ముడి విప్పుకోవడం పాపకు బాగా అలవాటు.

"రెండుండె బిడ్డా, గులాబీ రంగుయి. ఇప్పుడు లేవు."

గ్లూకోజ్ ఎక్కగానే పాప కళ్ళు తెరిచింది. మేం తొందరపడి ఊపిరి పీల్చుకున్నాం. సాయంత్రం షుగర్ మళ్ళీ పడింది, మళ్ళీ ఫిట్స్.

"ఈ మందు ఒక పట్టాన వదలదు" అంటూ ఖమ్మం పంపింది డాక్టరమ్మ. అక్కడ పిల్లల ఐసీయూ, ఎమ్మారై. "షుగర్ అందక బ్రెయిన్‌కు కొంత దెబ్బ తగిలింది. ఎంత కోలుకుంటుందో ఇప్పుడే చెప్పలేం" అన్నాడు న్యూరాలజిస్ట్. ఆ వారమంతా పాప నన్నూ సెలైన్ స్టాండునూ ఒకేలా చూసింది.

ఏడాది దాటింది. ఫిట్స్ సిరప్ నడుస్తోంది. ఎడమ చేతికి పట్టు తక్కువ, ఫిజియోథెరపీ చేయిస్తున్నాం. మాటలు తిరిగొచ్చాయి. మొదట వచ్చింది "వద్దు". మా పాపేనని అప్పుడు నమ్మకం కుదిరింది.

ఒక్కటే చెబుతాను. ఆడుకునే పిల్ల ఉన్నట్టుండి మత్తుగా పడుకుంటే, పెద్దవాళ్ళు వేసుకునే మాత్రలన్నీ పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పోండి. డాక్టరు అడిగేదాకా ఆగకండి.

మా ఇంట్లో మాత్రలు ఇప్పుడు బీరువాలో ఉన్నాయి, తాళం సుజాత దగ్గర. పాపను అమ్మ దగ్గర ఒంటరిగా వదలడం లేదు. అలా అని ఎవరం అనుకోలేదు, జరిగిపోతోంది. నిన్న అమ్మ మాత్ర కోసం చెయ్యి చాపి, నావైపు చూసి అంది:

"బిళ్ళలు దాచిన్రు, మంచిగనే ఉంది. పిల్లను గూడ నాకు దొరక్కుండ దాచుడేంది రా?"