ఉన్ని కంకణం

కొల్లూరు దాటాక, ప్లాట్ల రాళ్లు పాతిన బీళ్లలో నర్సింహమ్మ ఇరవై రెండు నల్లగొర్రెలను మేపుతుంది. ఒంటినిండా ఉన్ని ఉన్న పాత జాతి. మూడు రోజులు వానలో నానినా తుమ్మని గొర్రెలు. ఆ జాతి పొట్టేలు చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు ఆమె దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు.

కొత్తొక వింత, పాతొక రోత. మాంసం ఎక్కువ పడుతుందని అందరూ కోస్తా నుంచి పొడుగు కాళ్ల పొట్టేళ్లను తెచ్చుకున్నారు. పుట్టే పిల్లలకు ఎత్తు వచ్చింది, ఉన్ని పోయింది. నాలుగైదేళ్లలో ఆమె మరిది చిన్నరాములు మందలో ఒక్క నల్లగొర్రె కూడా మిగల్లేదు. బీట్లో మందలు కలిస్తే పొట్టేలు హద్దురాయి చూసుకుంటుందా? పోయినేడు నర్సింహమ్మ మందలోనే నాలుగు ఉన్ని లేని పిల్లలు పుట్టాయి. ఆమె ఇక జాతి చెడనివ్వనని కంకణం కట్టుకుంది.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే గోనెసంచి ముక్క పట్టుకుని మరిది పొట్టేలు వెంట పడుతుంది. దొరకబుచ్చుకుని కడుపు కింద అడ్డంగా కట్టేస్తుంది. ఆ సంచి ఉన్నంతసేపు అది గొర్రెను ఎక్కలేదు. మధ్యాహ్నానికి చిన్నరాములు విప్పి పారేస్తాడు.

"దానికి లంగోటి కడ్తవేంది వదినె? నలుగురు నవ్వుతున్రు."

"నవ్వనియ్. నా మంద నాకు కావాలె."

ఇంతలో చిన్నరాములు కూతురు రమ్యశ్రీ పెళ్లి కుదిరింది. వాళ్ల ఇంట్లో పెళ్లికి పత్తిదారం పనికిరాదు, నల్లగొర్రె ఉన్నితో పేనిన కంకణమే కట్టాలి. అతను వదిన గడప ముందు నిలబడ్డాడు.

"జెర పిడికెడు ఉన్ని ఇయ్యరాదు, వదినె."

"ఎనభై గొర్లున్నయ్ గదా నీకు. పిడికెడు ఉన్ని లేదా?"

అతను భుజం మీది తువ్వాలు తీసి చాపాడు. దెప్పడానికి ఆమె దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి గానీ, పిల్ల పెళ్లి అని మింగేసింది. తన పొట్టేలు మెడ మీది ఉన్ని కత్తిరించి అతని తువ్వాలులో పోసింది.

"ఇది నీ బిడ్డకు. రేపు దాని బిడ్డ పెండ్లికి యాడికెల్లి తెస్తవ్?"

అతను తువ్వాలు మూటగట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఆమె ఎప్పటిలాగే గోనెముక్కతో బయలుదేరింది. మరిది పొట్టేలు ఎదురొచ్చింది. దాని కడుపు కింద అప్పటికే సంచి ఉంది. చిన్నరాములు కట్టిందే. నర్సింహమ్మ వంగి ముడి లాగి చూసింది. వదులుగా ఉంది. విప్పి, మళ్లీ బిగించి కట్టింది.