గోల్‌కీపర్ లేని మ్యాచ్

ఇవాళ కోరుట్ల బస్సులో బురద బూట్లతో ఫుట్‌బాల్ పిల్లలు ఎక్కారు. తడిమట్టి, చెమట కలిసిన ఆ వాసనకు మా అన్న సత్యం గుర్తొచ్చాడు.

సిరిసిల్ల దోస్తులారా, మన నేతపిల్లల క్లబ్బు యాదుందా? మన సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, నేసిన బట్టతోనే పసుపు జెర్సీలు కుట్టించుకున్నారు. జగిత్యాల జట్టును ఓడించిన రోజు గోల్‌కీపరైన అన్నను భుజాలమీద ఎత్తుకుని బజారంతా తిప్పారు.

తర్వాత ఒక్కొక్కరే సాంచెల పనిలో చిక్కుకున్నారు. కోరుట్లతో మ్యాచ్ నాడు అన్న సెలవు అడిగితే షెడ్డు ఆసామి, "ఆటకు పోతే మల్ల పనికి రాకు" అన్నాడు. నాన్న మంచం పట్టి ఉన్నాడు. అన్న ఆటకు వెళ్లలేదు.

మైదానం షెడ్డు వెనకే. ఐదు గోల్స్ తేడాతో ఓడిపోయాం. నేను షెడ్డుకు పరుగెత్తాను. సాంచెల చప్పుడులో మాట వినపడదు కదా, గెలిచామన్నట్టు చేతులెత్తి గంతులేశాను. అన్న నవ్వాడు.

అంతలో కరెంటు పోయింది. అంతా నిశ్శబ్దం.

"ఓడిపోయినం కదనే?" అన్నాడు అన్న. "నవ్వుకుంటనే ఏడుస్తున్నవ్."

నేను తలూపాను.

"నన్ను ఎవలన్న అడిగిండ్రా?"

"అందరు అడిగిండ్రన్నా. గోల్ పడ్డప్పుడల్ల నీ పేరే పిలిచిండ్రు."

కరెంటు వచ్చింది. అన్న లేచి నాలుగు సాంచెలనూ ఒక్కొక్కటిగా నడిపించాడు.

క్లబ్బు మళ్లీ ఆడలేదు. అన్న ఇంకా ఆ షెడ్డులోనే ఉన్నాడు. ఆ రోజు అన్న పేరు పిలిచినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక్కసారి వచ్చి పలకరించండి.