వెళ్ళొస్తా అన్న మాట

కాలు ఒకచోట నిలవనివాణ్ణి కాబట్టి నదులు చాలానే దాటాను. రేవులో పడవలెన్ని ఉన్నాయన్నది కాదు, అవతలికి పోయిన పడవ తిరిగొస్తుందా లేదా అన్నదే అసలు సంగతి. మా కింది వాటాలో ఉండే అమ్మాయి సంగతి చెప్పబోయి పడవెక్కానేమిటంటారా, ఆమె ఉద్యోగమూ అలాంటిదే మరి.

ఆమె ఒక ఆసుపత్రి వెబ్‌సైటు నడుపుతుంది. అపాయింట్‌మెంట్లు, రక్తపరీక్షల రిపోర్టులు అన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. అడిగిన ప్రతివాడి కోసమూ దానికో కొత్త కనెక్షన్ తెరవాలంటే, నువ్వెవరు, ఎక్కణ్ణుంచి వచ్చావు అనే పలకరింపులకే పొద్దుపోతుంది. అందుకని ఆమె కొన్ని కనెక్షన్లు ముందే తెరిచి సిద్ధంగా ఉంచింది. దాన్ని పూల్ అంటారు. ఒకటి తీసుకోవడం, పని చూసుకోవడం, తిరిగిచ్చెయ్యడం. సైటు పరుగందుకుంది.

ఈ మధ్య ఆ పరుగు ఆగింది. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నానికి చతికిలపడుతుంది. రీస్టార్ట్ చేస్తే లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. లేపడానికి ఆమె ఆఫీసులోనే ఉండాలి. కిటికీ లేని గది, ఏసీ నీళ్ళు కారే బకెట్టు, రెండు కుర్చీలు. అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకునే తినేది. బాత్‌రూమ్‌కి వెళ్ళినా తలుపవతల కేక: "అక్కా, పడుకుంది!"

ఇంతలో వేరేచోట ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఇక్కడి మేనేజరు రిలీవ్ చేస్తేనే వాళ్ళు చేర్చుకుంటారు. "సైటు నిలబెట్టి వెళ్ళమ్మా" అన్నాడాయన.

శుక్రవారం మధ్యాహ్నం లోపం దొరికింది. రిపోర్టుల పేజీ కోడ్‌లో, తీసుకున్న కనెక్షన్‌ను 'క్లోజ్' చేసే వాక్యం మాయమైంది. పక్క సీటు పొదుపయ్య పని. ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే ప్రాణం విలవిల్లాడే మనిషి.

"ఎందుకు తీసేశావు నాయనా?"

"కొత్తది తెరవడం ఖరీదని నువ్వేగా అన్నావక్కా! తెరిచినదాన్ని మూసుకోవడమెందుకని..."

"ఓరి నీ పొదుపు మండా! పూల్‌లో మూయడమంటే మూయడం కాదు, తిరిగిచ్చెయ్యడం. నువ్వన్నీ పట్టుకు కూర్చుంటే వచ్చినవాళ్ళు ఏం కావాలి?"

"అయితే దానికి ఆ పేరే పెట్టి చావొచ్చుగా?"

"ఇంటికి పోయేటప్పుడు పోతున్నా అంటావా, వెళ్ళొస్తా అంటావా? ఇదీ అంతే."

పొదుపయ్య తల గోక్కున్నాడు. ఆమె ఆ వాక్యం మళ్ళీ రాసింది. సాయంత్రం దాకా సైటు పడుకోలేదు. బ్యాగు భుజాన వేసుకుని మేనేజరు గదికి వెళ్ళింది.

"నిలబడింది సార్. రిలీవ్ చెయ్యండి."

"శభాష్! ఇంత తెలిసినదాన్ని ఎలా వదలమంటావు చెప్పు? వాళ్ళకి నేను ఫోన్ చేస్తాలే, రెండు నెలలు ఆగుతారు."

"ఆగరు సార్."

"ఆగకపోతే మనం లేమూ?"

ఆమె భుజం మీది బ్యాగు సర్దుకుని వెనుదిరిగింది. గుమ్మం దాటుతుంటే చిన్నప్పటి అలవాటు నోరు జారి బయటికొచ్చింది.

"వెళ్ళొస్తా సార్."

"అదీ మాట! సోమవారం కాస్త పెందలాడే రా."

గేటు దగ్గర భర్త స్కూటరు మీద ఎదురుచూస్తున్నాడు.

"వదిలాడా?"

"వదిలాడు, కనెక్షన్‌ని వదిలినట్టు."

"అంటే?"

"పనయ్యాక అది ఇంటికి పోదండీ. మళ్ళీ పూల్‌లోకే."

అతను హెల్మెట్ అందించాడు. ఆమె దాన్ని పెట్టుకోలేదు. అన్నం డబ్బాలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.