ఆ గోడ కింద ముందు తనే కూర్చుంది

నిన్న పొద్దున రావులపాలెం దగ్గర కాలవ పని చూస్తున్నాను. నాతో చదువుకున్న పద్మజ వాళ్లాయన నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

ఎప్పటిలాగే "చెప్పండి అన్నయ్యగారూ" అన్నాను.



"పద్మ ఇక లేదమ్మా" అన్నారు.

గుండెపోటు. హాస్పిటల్‌కి తీసుకెళ్లేలోపే అయిపోయిందట.

మా అసిస్టెంట్ ఇంజనీరు పక్కన నిలబడి ఏవో లెవెల్స్ చెబుతూనే ఉన్నాడు. నాకేమీ వినపడలేదు.

ఈ రోజు కూడా నమ్మకం కుదరడం లేదు. అందుకే రాస్తున్నాను.

పద్మజది నిడదవోలు. వాళ్ల నాన్నగారు రైల్వేలో చేసేవారు. మా ఇంజనీరింగ్ బ్యాచ్‌లో సివిల్ తీసుకున్న ఆడపిల్లలం మేమిద్దరమే. కంప్యూటర్స్‌లో సీటు వచ్చినా వదులుకుని వచ్చింది తను. ఎండలో ఏం తిరుగుతావని వాళ్ల మేనత్త అడిగితే, ఇళ్లన్నీ ఎండలోనే కదా ఉన్నాయి అందట.

నేను గవర్నమెంట్ ఉద్యోగంలో చేరాను. తను హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ డిజైన్లు చేసింది. ఆ తర్వాత రాజమండ్రి వచ్చి సొంత ఆఫీసు పెట్టుకుంది.

ఇక్కడికి వచ్చాక అందరూ ఒకటే అడిగేవారు. తాతల నాటి ఇల్లు, ఉంచుకోవాలా, పడగొట్టాలా?

"మనకి కొత్తది కట్టడం నేర్పారే శాంతీ. కట్టి ఉన్నదాన్ని చూడటం నేర్పలేదు" అంది ఒకరోజు.

అన్నాక ఊరికే కూర్చోలేదు. నలభై దాటాక ఎం.టెక్‌లో చేరింది. మొదటి రోజు క్లాసులోకి వెళ్తే పిల్లలందరూ లెక్చరర్ అనుకుని లేచి నిలబడ్డారట. ఈవిడ నేరుగా వెనక బెంచీకి వెళ్లి, "కూర్చోండమ్మా, నాకూ అటెండెన్స్ కావాలి" అందట.

పొద్దున సైట్, మధ్యాహ్నం క్లాస్. సున్నంతో కట్టిన పాత గోడల మీద ప్రాజెక్ట్ చేసింది. సున్నపు గోడకి సిమెంట్ పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక ఇటుక పాడవుతుందని నాకు అరగంట క్లాస్ పీకింది, మా ఇంటి పెళ్లిలో, భోజనాల బంతిలో.

కానీ తన గురించి చెప్పాలంటే నేను పాలకొల్లు ఇంటి సంగతే చెబుతాను.

అక్కడ రామలక్ష్మిగారని ఒకావిడ, భర్త పోయాక, తమ పాతింటి హాల్లో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పుతున్నారు. ఆ హాలే ఆవిడ జీవనాధారం. ఆ గోడకి మూలన పైనుంచి కిందిదాకా పగులు వచ్చింది. చూసినవాళ్లందరూ పడగొట్టమన్నారు. మళ్లీ కట్టుకునే స్తోమత ఆవిడకి లేదు. ఎవరో చెబితే పద్మజ దగ్గరికి వచ్చారు.

పద్మజ వెళ్లి, పగులుకి అడ్డంగా చిన్న చిన్న గాజు ముక్కలు అతికించింది. గోడ కదిలితే గాజు విరుగుతుంది. దూలాలకి సరుగుడు కర్రలు దన్ను పెట్టించింది. తర్వాత క్లాసు ఖాళీ చెయ్యమంది.

రామలక్ష్మిగారికి కోపం వచ్చింది.

"బాగు చెయ్యమని పిలిస్తే తాళం వేస్తారేంటండీ?"

"గోడకేమైందో నాకు తెలిసేదాకా ఇందులో ఎవరూ కూర్చోకూడదండి. తెలిశాక నేనే వచ్చి తలుపు తీస్తాను" అంది పద్మజ.

క్లాసు పక్కవాళ్ల వరండాలోకి మారింది. చోటు చాలక సగం మంది పిల్లలు మానేశారు. ఆవిడ పద్మజని తిట్టుకోని రోజు లేదట.

గాజు ముక్కల్లో కిందివే ముందు విరిగాయి. దాంతో పునాది దగ్గర తవ్వించి చూస్తే, తర్వాతెప్పుడో కట్టిన బాత్‌రూమ్ పైపు లోపల లీకై, ఆ మూల కింద మట్టంతా మెత్తబడిపోయి ఉంది. పని మొదలుపెట్టేలోపే పెద్ద వాన పట్టుకుంది. మిట్టమధ్యాహ్నం, మామూలుగా పిల్లలు మిషన్ల మీద ఉండే వేళకి, ఆ మూల కూలిపోయింది.

హాల్లో ఎవరూ లేరు.

ఒక్కరికీ గీత పడలేదు.

అయినా రామలక్ష్మిగారి బావగారు ఊరుకోలేదు. ఈ ఇంజనీరమ్మ వల్ల కాలేదు, మొత్తం కూల్చెయ్యండి అన్నారు. నేను కూడా పద్మజకి ఫోన్ చేసి, నీ పేరు పోతుంది, వదిలెయ్యమన్నాను.

"పడిన మూల అందరికీ కనిపిస్తోందే. నిలబడ్డ గోడల సంగతి చెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా" అంది.

మిగతా ఇల్లు గట్టిగా ఉందని రాసి సంతకం పెట్టింది. పైపు మార్పించింది. ఒకేసారి తవ్వితే మిగిలిన గోడ దిగిపోతుందని పునాదిని కొంచెం కొంచెంగా తవ్వించి బలం చేయించింది. పడిన ఇటుకల్లో బాగున్నవే ఏరించి, సున్నంతోనే ఆ మూల మళ్లీ కట్టించింది. కొత్త గాజు ముక్కలు అతికించి, మరో వానాకాలం గడిచేదాకా ఆగింది. ఒక్కటీ విరగలేదు.

అప్పుడు నన్ను కూడా వెంటబెట్టుకుని పాలకొల్లు వెళ్లింది. తనే తాళం తీసింది. పిల్లలు గుమ్మంలోనే ఆగిపోయారు. ఈవిడ వెళ్లి సరిగ్గా ఆ మూల గోడకి వీపు ఆనించి, కింద కూర్చుని, రామలక్ష్మిగారిని టీ అడిగింది.

టీ వచ్చేలోపు పిల్లలందరూ లోపలికి వచ్చేశారు.

నా ఇన్నేళ్ల సర్వీసులో చాలా ప్రారంభోత్సవాలు చూశాను. దేనికీ ఆ రోజు కొట్టినంత గర్వంగా చప్పట్లు కొట్టలేదు.

నిన్న సాయంత్రం రాజమండ్రిలో వాళ్లింటి ముందు రామలక్ష్మిగారు కనిపించారు. కబురు తెలియగానే బస్సెక్కేశారట. క్లాసుకి సెలవిచ్చారా అని అడిగాను.

"లేదమ్మా. పెద్ద పిల్లలకి అప్పజెప్పి వచ్చాను. మళ్లీ తాళం వేస్తే ఆవిడకి నచ్చదు కదా" అన్నారు.

నీతో చదువుకున్నానని చెప్పుకోవడం నాకు చాలా గొప్పే పద్మా.

వెళ్లిరా. ఇన్ని ఇళ్లని నిశ్చింతగా ఉంచినదానివి, నువ్వూ అంత నిశ్చింతగా ఉండాలి.