మూడు ఫైళ్లు, ఒక్క లైను

ఈ రోజు ఫ్యాక్టరీ ఆఫీసులో మొదటిసారి నోరు తెరిచాను.

విడిభాగాల జాబితాను ముగ్గురం మూడు ఫైళ్లుగా కంప్యూటర్‌లో ఎక్కించాం. హైదరాబాద్ హెడ్డాఫీసువాళ్లు అంతా ఒకే ఫైలుగా కావాలన్నారు.

"మళ్ల మొత్తం కొట్టున్రి. అయినంకనే ఇంటికి," అన్నారు సూపర్‌వైజరు.

"సార్, కంప్యూటర్ మాన్యువల్ల దీనికి ఒక కమాండు ఉన్నది," అన్నాను.

"గా పుస్తకం ఎవరన్న చదువుతరామ్మా?"

నేను చదివాను. ఒక్క లైనులోనే, ఫైళ్లను కలిపే క్యాట్ కమాండు కొట్టి, మూడు ఫైళ్ల పేర్లు వరుసగా ఇచ్చి, బాణం గుర్తు పెట్టి, కొత్త ఫైలు పేరు రాశాను. ఆ కొత్త ఫైలును మళ్లీ క్యాట్‌తోనే తెరమీద చూపించాను. మొదటి గేరు నుంచి చివరి బోల్టు దాకా అన్నీ ఉన్నాయి!

ఆయన తెరమీదికి వంగి చివరిదాకా చూశారు. "గింతేనా? మరి పోయిన నెల జాబితాను నేను మూడు దినాలు కూసోని మళ్ల ఎందుకు కొట్టిన?"

నవ్వి, ఇంటికెళ్లే కోహీర్ బస్సెక్కాను. మీరైతే ఏమనేవారు?