సైకిల్‌వి కాని చక్రాలు

అల్మాస్‌గూడలో సుమిత్రమ్మ చక్రాల కుర్చీలు బాగుచేస్తుంది. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇళ్లు కట్టే కూలి పనికి వెళ్తున్న రోజుల్లో పరంజా మీద నుంచి పడి, ఆమె కాళ్లు చచ్చుబడ్డాయి. మొదటి కుర్చీ చెడిపోయినప్పుడు బాగుచేసేవాళ్లు ఎల్‌బీ నగర్ అంతా తిరిగినా దొరకలేదు. తనే విప్పింది, తనే నేర్చుకుంది.

పోయినేడు తైవాన్ నుంచి నలభై జతల చక్రాలు తెప్పిస్తే కస్టమ్స్‌లో ఆగిపోయాయి. వికలాంగుల కుర్చీ భాగాలకు సుంకం తక్కువ. అధికారి మాత్రం వాటిని సైకిల్ చక్రాల కింద జమకట్టి ఎక్కువ సుంకం వేశాడు.

"కట్టేసి తెచ్చుకుందామమ్మా. వాళ్లతో పెట్టుకుంటే సరుకు అక్కడే ఉండిపోతుంది," అన్నాడు సరుకు విడిపించే ఏజెంటు ఉపేంద్ర.

"సైకిల్‌వి కానియి సైకిల్‌వని నేనెందుకు ఒప్పుకోవాలె? నన్ను గాడికి తోల్కపో."

అధికారి గదిలో ఆమె చేతుల బలంతో పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలోకి మారింది. తన చక్రాల కుర్చీ ఇరుసు మధ్యనున్న బొత్తాం నొక్కి, చక్రం ఊడదీసి బల్ల మీద పెట్టింది. కింద ఉన్న కాగితాలకు మట్టి అంటింది.

"చూడుండ్రి సార్. సైకిల్ చక్రాన్ని రెండు దిక్కుల పట్టి బిగిస్తరు. దీనికి ఒక్క దిక్కే ఆధారం. ఏ సైకిల్‌కు పడ్తదో జర మీరే చూపెట్టుండ్రి."

"చేత్తో తోసే ఆ రింగు తీసేస్తే సైకిల్ చక్రమే కదమ్మా?"

"గట్లయితే గదే మాట కాయితం మీద రాసి సంతకం పెట్టియ్యుండ్రి!"

ఉపేంద్ర చెమట తుడుచుకున్నాడు.

ఆ రోజే ఆమె అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాసిచ్చి, సరుకు అక్కడే ఉండిపోకుండా అడిగిన సుంకం అప్పటికి కట్టి విడిపించుకుంది. రెండు వారాలకు అధికారి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చాడు. దాని మీద అప్పీలు వేసి, విచారణకు ఒడిలో చక్రం పెట్టుకుని వెళ్లింది.

ఏడు నెలల తర్వాత తీర్పు వచ్చింది. అవి చక్రాల కుర్చీ భాగాలేనని, ఎక్కువగా తీసుకున్న సుంకం తిరిగి ఇవ్వాలని పై అధికారి రాశారు. ఉపేంద్ర ఆ కాగితం పట్టుకుని షాపుకు పరుగెత్తుకొచ్చాడు.

"గెలిచామమ్మా! కానీ వచ్చే సరుకుకు కొత్త అధికారి వస్తే మళ్లీ మొదటికొస్తుందేమో."

"రానీ. మళ్ల పోదాం," అంటూ సుమిత్రమ్మ గోడ మీది బోర్డులో చక్రాల ధర చెరిపి, తగ్గించి రాసింది.