కాకి ముట్టని ఏడాది

మల్కాపురం కాకుల సంగతి తెలిసిందే. రొయ్యలు ఎండబెడితే పక్కన కర్ర పట్టుకుని కూర్చోవాలి. అలాంటి కాకులు తాయారు డాబా మీద పెట్టిన అన్నాన్ని ఏడాదిపాటు ముట్టలేదు.

ఆమె మొగుడు తిరుమలరావు సరుకు ఓడలో ఫిట్టరు. 2022 డిసెంబరులో ఓడ పెరూ రేవులో ఉండగా అక్కడ అధ్యక్షుణ్ణి దించేసి జైల్లో పెట్టారు. జనం రోడ్లెక్కారు. ఆ గొడవల్లో ఊళ్ళోకి వెళ్ళిన తిరుమలరావు మళ్ళీ ఓడెక్కలేదు. పది రోజులకి కంపెనీ నుంచి కబురొచ్చింది. గుర్తుపట్టలేని శవం దొరికిందట, చొక్కా జేబులో అతని గుర్తింపు కార్డుందట, అక్కడే పూడ్చేశారట.

తాయారుకి అప్పుడే అనుమానం వచ్చింది. ఎవరైనా బాగుందంటే ఒంటిమీది చొక్కా విప్పి ఇచ్చేసే రకం ఆయన.

"బావగారూ, సొక్కా ఆయనదే. మనిసి ఆయనేనా?" అని మొగుడి అన్న శ్రీరామ్మూర్తిని అడిగింది.

పోర్టులో క్రేను నడిపే ఆ పెద్దమనిషి ఏడ్చి ఏడ్చి ఉన్నాడు. "కంపెనీవోళ్ళు రాసిచ్చీసారమ్మా. కర్మ సెయ్యకపోతే ఆడికి గతుండదు" అన్నాడు.

ఆ భయానికే ఆమె తలూపింది. కర్మ చేసేశాక ఇంక మనిషిని వెతికేదెవరు? ఓడల ఏజెంటు ఆఫీసుకి వెళ్ళడం మానేశారు.

పదో రోజు కాకి రాలేదు. కోరికేదో ఉండిపోయిందన్నారు. ఆయన కూతుర్ని చదివిస్తామని చెప్పుకున్నారు. ఆయనకి ఇష్టమని చింతచిగురు రొయ్యలు వండి పెట్టారు. కరెంటు తీగల మీద కాకులు వరసగా కూర్చున్నాయి. అరవవు, దిగవు. అన్నం వైపు కాదు, తాయారు వైపే చూస్తున్నాయి.

నెలనెలా అదే తంతు. మధ్యలో ఆమె ఫోన్లో పెరూ వార్తలు చూసేది. జనవరిలో ఊరేగింపుల మీద కాల్పులు. మార్చిలో తుఫాను, వరదలు. జూన్‌లో డెంగీతో ఆసుపత్రులు నిండిపోయాయని చదివి, ఈయనకి మంచం దొరికిందో లేదో అనుకుంది. అనుకున్నాక తన మీద తనకే భయమేసింది. పోయినవాడికి మంచమెందుకు?

"బతికున్నోడికి పెడితే కాకెలా ముడతాది, బావగారూ?" అంది ఓసారి.

"అలాగనకు, తప్పు!" అని శ్రీరామ్మూర్తి గబగబా మెట్లు దిగిపోయాడు. ఆ అనుమానం ఆయనకీ ఉందని తాయారుకి అప్పుడు అర్థమైంది.

డిసెంబరులో సంవత్సరీకం పెట్టారు. మిట్టమధ్యాహ్నం దాటి అరగంటైంది. విస్తరి పెట్టి చాలాసేపైంది. ఉన్నట్టుండి తీగ మీంచి ఒక కాకి దిగి ముద్ద నోట కరుచుకుంది. వెనకే మిగతావన్నీ వాలాయి. చూస్తుండగానే విస్తరి ఖాళీ.

"శాంతించినాడమ్మా మావోడు!" అని శ్రీరామ్మూర్తి చేతులు జోడించాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. తాయారు మాత్రం నీళ్ళ ట్యాంకుకి జారగిలబడి కూర్చుండిపోయింది. ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

సాయంత్రం శ్రీరామ్మూర్తి ఫోన్ మోగింది. ఏజెంటు ఆఫీసు వాళ్ళు. పెరూలో ఒక ఆసుపత్రిలో, తలకి దెబ్బ తగిలి ఏడాదిగా పేరైనా చెప్పలేకుండా పడి ఉన్న మనిషి, ఈమధ్య మల్కాపురం, మల్కాపురం అన్నాడట. ఆ మాట పట్టుకుని ఆరా తీస్తే తిరుమలరావేనని తేలిందట, ఇంతలో ఇవాళే పోయాడట. శ్రీరామ్మూర్తి ఫోన్ పెట్టకుండానే ఆ సంగతి తాయారుకి చెప్పాడు.

"ఏ టైముకి పోయినాడో అడగండి, సాలు" అంది తాయారు.

ఆయన అడిగాడు. ఫోన్ దించి తాయారు వైపు తిరిగాడు.

"మన టైము... మద్దేన్నం పన్నెండున్నరకమ్మా."

అందాకా ఆ మనిషి బతికే ఉన్నాడు. అన్నం పెట్టారు గానీ, ఒక్కరూ వెతకలేదు.